మూడు మంచాల గది

హాస్టల్లో చేరడమంటే ఊరు మారడం కన్నా ముందు పనులు చేతులు మారడం. ఇంట్లో ఉన్నంతకాలం పద్దెనిమిదేళ్ల కుర్రాణ్నయినా ఎవరో ఒకరు నిద్ర లేపుతారు. టిఫిన్ తినేదాకా వదలరు. విడిచిన బట్టలు రెండో రోజుకి మడతలతో అలమరలోకి చేరతాయి. ఒళ్లు కాస్త వెచ్చబడితే నోరు తెరిచి చెప్పకముందే నుదుటి మీద చెయ్యి పడుతుంది. ఇవి పనులని ఇంట్లో ఎవరూ అనుకోరు. చేసేది ఎక్కువగా తల్లి కనుక ఏ లెక్కలోకీ రావు. గది తాళంచెవి చేతికొచ్చిన సాయంత్రం నుంచి అవి ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఇంటి మీద బెంగ అని చెప్పుకునే దాంట్లో సగం ఈ పనుల బరువే. మిగతా సగం నిజంగా బెంగే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మార్పుకు ఒక మెలిక ఉంది. ఇక్కడ చాలామంది పిల్లలు ఇల్లు వదిలేది డిగ్రీకో ఇంజినీరింగ్‌కో కాదు, పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలోనే. పదిహేనో ఏట రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పడితే రెండేళ్లపాటు తెల్లవారుజామున ఎవరో వచ్చి లేపుతారు, రాత్రి దీపాలార్పేదాకా ప్రతి గంటకూ ఒక పేరుంటుంది. స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, ఎర్రర్ లిస్ట్. ఇంటికి ఫోను వారానికోసారి, ఔటింగ్ నెలకోసారి. ఆ రెండేళ్లూ గడిచి ఇంజినీరింగ్ హాస్టల్‌కు వచ్చిన విద్యార్థికి ఇంటికి దూరంగా ఉండటం వచ్చు. ఖాళీ సాయంత్రాన్ని ఏం చేసుకోవాలో మాత్రం రాదు. ఇంటి దగ్గర ఉండి చదువుకున్న పిల్లది దీనికి తలకిందులు. తన పుస్తకాల వేళ తనకు తెలుసు. రాత్రి తొమ్మిదింటికి వీధిలో అమ్మ గొంతు వినపడకపోతే కడుపులో దేవినట్టుంటుంది. మొదటి సెమిస్టర్‌లో ఒకే గదిలో ఉండే ఈ ఇద్దరి ఇబ్బందీ ఒకటి కాదు. కాలేజీలు ఇద్దరికీ ఒకే ఓరియంటేషన్ ఉపన్యాసం ఇస్తాయి.

పదో తరగతి నుంచి నేరుగా విశ్వవిద్యాలయ హాస్టల్‌కు వెళ్లేవాళ్లూ ఉన్నారు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన ట్రిపుల్ ఐటీలు ఈ దారి తెరిచాయి. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు వాటికి తోడయ్యాయి. ప్రభుత్వ పాఠశాలల్లో పదో తరగతి బాగా గట్టెక్కిన పల్లెటూరి పిల్లలకు రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు, ఆరేళ్ల కాపురం. మీసాలు రాకముందు చేరి ఉద్యోగపు ఆఫర్ లెటర్‌తో బయటికొచ్చే ఆ ప్రాంగణాల్లో హాస్టలే ఊరు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండనూ వాననూ లెక్కచెయ్యక గేటు దగ్గర రోజుల తరబడి కూర్చుని అడిగినవాటిలో మెస్ భోజనం, మంచాలు, పరుపులు లాంటివీ ఉన్నాయి. చదువు చెప్పే చోట ఇవి చిన్న కోరికలని పెద్దలకు అనిపించవచ్చు. ఆరేళ్లు అక్కడే తిని అక్కడే పడుకోవలసినవాళ్లకు కాదు.

వారాల నుంచి వార్డెన్ దాకా

హాస్టళ్లు లేని రోజుల్లోనూ పిల్లలు చదువు కోసం ఇల్లు వదిలేవారు. పట్నంలో వారాలు కుదుర్చుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో అన్నం, పడక ఏ అరుగు మీదో, సత్రంలోనో. వారాలబ్బాయి అనే ఆ ఏర్పాటు ఎక్కువగా బ్రాహ్మణ కుటుంబాల మధ్య నడిచింది. మిగతా కులాల పిల్లలకు ఆ గుమ్మాలు లేవు. డబ్బిచ్చి తినగలిగితే పూటకూళ్ల ఇళ్లుండేవి. టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపే పిల్లల్ని చదివించింది.

ఎవరికి అన్నం దొరకదో వాళ్లకోసమే తొలి హాస్టళ్లు పుట్టాయి. క్రైస్తవ మిషనరీలు పాఠశాలల పక్కనే బోర్డింగులు కట్టి దళిత పిల్లలకు తిండీ పడకా చూపించారు. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. దాని వెనక నిలిచినవాడు తర్వాతి కాలంలో నగర కొత్వాల్‌గా పేరుపొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. జిల్లాల నుంచి ఉర్దూ చదువులకోసం రాజధానికి వచ్చిన తెలుగు పిల్లలకు అది వసతితో పాటు గ్రంథాలయమూ, తెలుగు మాట్లాడుకునే చోటూ అయింది. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి కొంతకాలం ఆ హాస్టల్ బాధ్యతలు చూశాడు. తర్వాత మరికొన్ని కులాలవాళ్లూ అదే దారిన హాస్టళ్లు కట్టుకున్నారు. నగరంలో ఇప్పటికీ ఆ పేర్ల బోర్డులు కనిపిస్తాయి. ఆ రోజుల్లో తెలుగు విద్యార్థి ఇల్లు వదిలినా ఇంటిపేరును వదల్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం పూర్తిగా వదిలాడా అన్నది ముందు చూద్దాం.

కుర్రవాళ్లు పెద్దల కన్ను లేనిచోట కలిసి ఉంటే ఏమవుతుందో ఉస్మానియా హాస్టళ్లు 1938లో చూపించాయి. ప్రార్థన వేళ వందేమాతరం పాడటాన్ని అధికారులు నిషేధిస్తే, విద్యార్థులు సమ్మెకు దిగి వందల సంఖ్యలో చదువు పోగొట్టుకున్నారు. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా నాగపూర్ వెళ్లి చదివినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయనే 1971లో ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలుపెట్టించారు. తరవాతి దశాబ్దాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ హాస్టళ్లూ గురుకులాలూ జిల్లా జిల్లాకూ విస్తరించాయి. సాంఘిక సంక్షేమ శాఖలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు వాటిని పేద పిల్లల హక్కుగా చూసి నడిపారు. ఈనాడు తెలుగునాట డాక్టర్లూ ఇంజినీర్లూ అధికారులూ అయినవాళ్లలో సంక్షేమ హాస్టల్ ట్రంకుపెట్టె మోసినవాళ్లు తక్కువమంది కాదు.

ఆడపిల్లల సంగతి ఇంకా ఆలస్యం. హైదరాబాద్ కోఠీ మహిళా కళాశాల 1924లో మొదలైనా, ఊరు దాటి చదివించడానికి చాలా కుటుంబాలకు ఇంకో రెండు తరాలు పట్టింది. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టడం వల్ల జరిగిన పెద్ద మేలు పాఠాల్లో లేదు. అందరూ ఆడపిల్లలే ఉండే హాస్టలుందంటే రాయలసీమ తండ్రులు బస్సెక్కించారు.

సీటు నుంచి మంచం దాకా

హాస్టల్ కష్టం చాలామందికి నెట్ సెంటర్‌లో మొదలవుతుంది. ఎంసెట్ అని జనం ఇంకా పిలిచే ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టాలి. పెట్టేది తండ్రో, బాబాయో, ఊళ్లో ఇంజినీరింగ్ చదివిన పక్కింటి అన్నయ్యో. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఏ జిల్లా అన్నది కుర్చీ వెనక నిలబడ్డ విద్యార్థికి తెరమీద కనిపిస్తుంది, అంతే. ఇంటి బెంగ మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త క్రిస్టఫర్ థర్బర్ చెప్పినదాంట్లో ఒక ముఖ్యాంశం సరిగ్గా ఇక్కడ తగులుతుంది. వెళ్లాలన్న నిర్ణయంలో తన చెయ్యి లేదనుకునేవాళ్లకు, అంతకుముందు ఇల్లు వదిలి ఉండనివాళ్లకు, వెళ్తే బెంగ తప్పదని ముందే గట్టిగా అనుకునేవాళ్లకు ఆ బాధ ఎక్కువ. దూరం ఎన్ని కిలోమీటర్లన్నది ఒక్కటే కారణం కాదు. గుంటూరులో సీటొచ్చిన తెనాలి పిల్ల ఏడుస్తుంది. ఖరగ్‌పూర్ తనే కోరుకుని వెళ్లిన కడప పిల్లవాడు రెండో వారానికే కుదురుకుంటాడు.

ఖరగ్‌పూర్ సంగతి వచ్చింది కనుక చెప్పుకోవాలి. దేశంలో మొదటి ఐఐటీ 1951లో అక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. హాస్టల్‌ను జైలుతో పోల్చే ప్రతి తరం విద్యార్థులూ ఇది తెలిస్తే సంతోషిస్తారు. తెలుగువాళ్లకు ఆ ఊళ్లో ఇంకో ఊరట ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల వల్ల అక్కడి బజారులో తెలుగు వినిపిస్తుంది.

చేరే రోజు తంతు అంతటా ఒకేలా ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, కాషన్ డిపాజిట్ రసీదు, ర్యాగింగ్ చెయ్యనని విద్యార్థీ తండ్రీ సంతకం పెట్టే ప్రమాణపత్రం. ఆ తర్వాత బజారు. బకెట్టు, మగ్గు, పరుపు, దోమతెర, తాళంకప్ప, బట్టలారేసుకునే తాడు, ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఇంటి నుంచి తెచ్చినవి వేరు. ఆవకాయ, కందిపొడి, నెయ్యి, జంతికలు, సున్నుండలు. సున్నుండలు మూడో రోజుకి అయిపోతాయి. అవి తెచ్చినవాడి పేరు ఆ వరండా అంతటికీ తెలిసేది కూడా అప్పటికే.

తల్లిదండ్రులు ఎంతసేపు ఉండాలన్నదానికి నియమం లేదు కానీ అనుభవజ్ఞులైన వార్డెన్లు చెప్పేది ఒకటే. మంచం వేసి, పరుపు పరిచి, మెస్ ఎక్కడుందో చూసి, పొద్దుండగానే బయల్దేరాలి. రాత్రి లాడ్జిలో ఉండి మర్నాడు మళ్లీ వచ్చి చూస్తే పిల్లలకు రెండుసార్లు విడిపోయినట్టవుతుంది.

మొదటి రాత్రి, ఆ తర్వాత

కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం మనసు బలహీనత కాదు. నిద్ర పరిశోధకులు దీన్ని 1960ల నుంచే గమనిస్తున్నారు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో దీని వెనక ఉన్నదేమిటో కొంత తేలింది. అలవాటు లేని చోట మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు ఎడమ అర్ధభాగం కుడిభాగమంత లోతుగా పడుకోదు. వింత చప్పుడైతే చటుక్కున స్పందిస్తుంది. అంటే సగం మెదడు కాపలా కాస్తుంది. పై అంతస్తులో కుర్చీ జరిపిన శబ్దానికి ఉలిక్కిపడ్డ విద్యార్థికి అది తెలిస్తే కొంత స్థిమితం. కాపలా రాత్రి రాత్రికీ సడలుతుంది.

బెంగ అలా ఒక్క రాత్రితో పోదు. దీన్ని జబ్బుగా మొదట గ్రంథస్థం చేసినవాడు యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి, 1688లో, బాజెల్‌లో. ఆయన రాసిన రోగుల కథల్లో ఒకటి చదువుకోసం బెర్న్ నుంచి బాజెల్ వచ్చిన కుర్రవాడిది. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే. జ్వరంతో చావు అంచుకు చేరిన ఆ కుర్రాణ్ని ఇంటికి పంపిస్తున్నామనగానే కోలుకోవడం మొదలై, దారిలోనే మనిషి లేచి కూర్చున్నాడట. ఇప్పుడు ఎవరూ దాన్ని వేరే జబ్బుగా లెక్కించరు. ఇల్లు పదేపదే గుర్తుకు రావడం, ఏడుపు, అన్నం సయించకపోవడం, కడుపునొప్పి, పుస్తకం ముందు కూర్చుంటే పేజీ కదలకపోవడం దీని గుర్తులు. ఇల్లు వదిలినవాళ్లలో దాదాపు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో పల్చబడుతుంది. కొద్దిమందికే అది ముదిరి చదువునూ ఒంటినీ పట్టి లాగుతుంది.

తీవ్రంగా తగిలేది పగలు కాదు. క్లాసులున్నంతసేపూ కాలం గడుస్తుంది. సాయంత్రం ఐదుకీ రాత్రి భోజనానికీ మధ్యా, ఆదివారం మధ్యాహ్నం తర్వాతా బెంగ ముసురుతుంది. ఆ వేళకు ఆటస్థలమో, లైబ్రరీయో, ఎన్నెస్సెస్సో, కనీసం ఉతుక్కోవలసిన బట్టలో ఉన్నవాళ్లు తేలిగ్గా బయటపడతారు. మంచం మీద పడుకుని ఇంటి వీధి ఫొటోలు చూసుకునేవాళ్లకు ఆ సాయంత్రం మరింత పొడుగవుతుంది. బెంగ తీరేదాకా ఆగి మనుషుల్లో కలుద్దామనుకోవడం పొరపాటు. మనుషుల్లో కలిస్తేనే అది తీరుతుంది.

ఎవరితో కలుస్తారన్నది చాలావరకు వరండా నిర్ణయిస్తుంది. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల నివాసాల మీద లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ చేసిన అధ్యయనం 1950లో పుస్తకంగా వచ్చింది. స్నేహాలు ఎక్కువగా పక్క తలుపువాళ్లతోనే కుదిరాయని, ఒక్కో తలుపు దూరం పెరిగే కొద్దీ ఆ అవకాశం తగ్గిందని, మెట్ల దగ్గర ఉన్నవాళ్లకు పై అంతస్తువాళ్లతోనూ చెలిమి ఎక్కువని వాళ్లు చూపించారు. డార్ట్‌మత్ కళాశాలలో లాటరీ పద్ధతిన గదులిచ్చిన విద్యార్థుల లెక్కలు తీసిన బ్రూస్ సాసర్‌డోట్ 2001లో ఇంకో సంగతి చెప్పాడు. గదిలో ఎవరు పడ్డారన్నదానికి మార్కుల మీదా, ఏ బృందాల్లో చేరతారన్నదాని మీదా కొంత ప్రభావం ఉంది. హాస్టల్ ఆఫీసులో గుమస్తా రిజిస్టర్‌లో వరసగా రాసే పేర్లకు ఇంత బలముందని ఆ గుమస్తాకే తెలియదు.

మూడు మంచాల గదిలో తగవులు పెద్ద విషయాల మీద రావు. లైటు ఎప్పుడు ఆర్పాలి, ఫ్యాను ఎంతలో పెట్టాలి, తెల్లవారి అలారం మోగినా లేవనిది ఎవరు, నూనె సీసా ఎవరిది, ఫోను స్పీకర్ మీద మాట్లాడేదెవరు. ఇంట్లో ఇలాంటివి తల్లి ఒక్క మాటతో తేల్చేస్తుంది. ఇక్కడ తేల్చే పెద్దమనిషి లేడు. మొదటి వారంలోనే మాట్లాడుకుని నియమాలు పెట్టుకున్న గదులు నిలబడతాయి. మొహమాటపడి ఊరుకున్న గదుల్లో అక్టోబరు నాటికి ఒకడు మంచం మార్పుకోసం వార్డెన్ దగ్గర నిలబడతాడు.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఈ గదుల విలువ ఇంకొకటి. క్లాసు ఇంగ్లిష్‌లో జరుగుతుంది, అర్థం రాత్రి హాస్టల్లో తెలుగులో అవుతుంది. ఇంజినీరింగ్ డ్రాయింగూ మొదటి ఏడాది గణితమూ గట్టెక్కిన చాలామంది పల్లెటూరి విద్యార్థులను గట్టెక్కించినది లెక్చరర్ కాదు, పక్క మంచమే. ఉత్తరాది ప్రాంగణాలకు వెళ్లినవాళ్లకు దీనికి హిందీ తోడవుతుంది. సరదా కబుర్లు ఆ భాషలో నడుస్తుంటే నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే మొదటి సెమిస్టర్లో మనిషిని మూల కూర్చోబెడుతుంది.

మెస్

హాస్టల్ గురించి ఇంటికి వెళ్లే మొదటి ఫిర్యాదు అన్నం మీదే. వందలమందికి వండే కూరకు ఇంటి కూర రుచి రాదు. ఆవిరి గుండిగల్లో ఉడికిన బియ్యం, పల్చటి సాంబారు, మధ్యాహ్నం మిగిలి రాత్రికి వేషం మార్చుకున్న పప్పు. తెలుగునాట మెస్‌లలో కారం ఉంటుంది, పెరుగుంటుంది, ఆదివారం కోడి ఉంటుంది కనుక ఫిర్యాదు నాణ్యత మీద. ఉత్తరాదిలో ఫిర్యాదు వేరు. చింతపండు పులుపు నాలుకకు తగలక, రొట్టెతో కడుపు నిండినా అన్నం తిన్నట్టుండక, నోరు చచ్చిపోయిందంటారు. అక్కడ ఆవకాయ జాడీ కలిగినవాడు కొద్దిపాటి జమీందారు.

విశ్వవిద్యాలయ హాస్టళ్లలో చాలాచోట్ల భోజనం లెక్క డివైడింగ్ పద్ధతిన నడుస్తుంది. నెలలో బియ్యం, పప్పు, కూరలు, గ్యాసు, పనివాళ్ల జీతాలకు అయిన మొత్తాన్ని అందరూ తిన్న రోజుల సంఖ్యతో భాగిస్తే రోజుకింతని తేలుతుంది. ఎవరెన్ని రోజులు తిన్నారో అంత కడతారు. ఊరెళ్లేవాళ్లు ముందుగా రాసిపెడితే ఆ రోజులు తగ్గుతాయి. కొన్నిచోట్ల విద్యార్థుల్లోంచే మెస్ సెక్రటరీని ఎన్నుకుంటారు. మార్కెట్టుకు వెళ్లి ఉల్లిపాయల బస్తా ధర అడగటం, పాల లెక్క చూడటం, వంటమనిషితో మాట పడటం అతని వంతు. నెల తిరక్కుండానే మెస్‌ను తిట్టేవాళ్ల జాబితాలోంచి అతని పేరు పోతుంది. ప్రైవేటు కాలేజీల్లో ఏడాది మొత్తానికి ముందే కట్టించుకుంటారు. అక్కడ తిన్నా తినకపోయినా ఒకటే.

తిండి విషయంలో అసలు ప్రమాదం రుచి కాదు, పొద్దున్న టిఫిన్ మానెయ్యడం. రాత్రి ఒంటిగంటదాకా మేలుకుని, తొమ్మిదింటి క్లాసుకు పది నిమిషాల ముందు లేచేవాళ్లు ఇడ్లీ మానేసి పదకొండింటికి క్యాంటీన్లో సమోసా తింటారు. కౌమారంలో నిద్రవేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది కనుక ఇది ఒట్టి బద్ధకం కాదు. కానీ క్లాసు వేళ వెనక్కి జరగదు.

కాలం, డబ్బు, గేటు

ఇంట్లో లేపేవాళ్లు లేకపోతే జరిగే నష్టం సెమిస్టర్ చివర అటెండెన్స్ పట్టికలో కనిపిస్తుంది. హైదరాబాద్ జేఎన్టీయూ నిబంధనల ప్రకారం మొత్తమ్మీద 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే తగిన కారణం చూపి కండోనేషన్ ఫీజు కట్టాలి. 65 కన్నా తగ్గితే పరీక్ష రాయనివ్వరు, డిటెన్షన్. బ్యాక్‌లాగ్ వస్తే మళ్లీ రాసుకోవచ్చు, డిటెయిన్ అయితే ఏడాదే పోవచ్చు. మొదటి నెలలో వారానికొకటో రెండో పొద్దుటి క్లాసులు ఎగ్గొట్టినవాళ్లు ఈ లెక్క వేసుకునేది నవంబరులో.

డబ్బు చేతికిచ్చే తీరు మారింది. ఒకప్పుడు నెల మొదట్లో పోస్ట్‌మాన్ తెచ్చే మనియార్డర్, ఫారం చివర కొస కాగితం మీద తండ్రి రాసిన రెండు వాక్యాలు. ఆ పాత సేవను తపాలా శాఖ 2015లో ఆపేసింది. ఇప్పుడు అడిగిన నిమిషంలో ఫోన్లోకి వచ్చి పడుతుంది. వచ్చినంత తేలిగ్గా టీ కొట్టుకూ, ఆర్డరిచ్చిన బిర్యానీకీ పోతుంది. నెలకింత అని ఒకేసారి ఇచ్చి, అయిపోతే మళ్లీ ఇవ్వని ఇళ్ల పిల్లలు రెండు నెలల్లో లెక్క నేర్చుకుంటారు. పేద కుటుంబాలకు హాస్టల్ ఖర్చే చదువుకు అడ్డం. 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు సంగతి చూసింది, కడుపు సంగతి పూర్తిగా చూడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన పథకం డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000 రూపాయలు తల్లుల ఖాతాలో వేస్తామన్నది ఆ ఖాళీని చూసే.

సీనియర్ల భయం మొదటి నెలలో ఇప్పటికీ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. దాని ప్రకారం ఏడిపించి అవమానించడానికే ఆరు నెలల దాకా జైలు. దెబ్బలూ నిర్బంధమూ అయితే శిక్ష పెరుగుతుంది, ప్రాణం పోతే యావజ్జీవం దాకా వెళ్తుంది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కు బలయ్యాక యూజీసీ దేశమంతటికీ కఠిన నిబంధనలు తెచ్చింది. 1800-180-5522 అనే నంబరుకు పగలూ రాత్రీ ఫిర్యాదు చెయ్యవచ్చు. సీనియర్లందరూ రాకాసులేం కాదు. నోట్సులూ పాత ప్రశ్నపత్రాలూ వాళ్ల దగ్గరే దొరుకుతాయి. పేరు అడగటం పరిచయం. గదికి పిలిచి అర్ధరాత్రి నిలబెట్టడం నేరం.

పేరు తర్వాత అడిగేవి ఊరు, ఇంటిపేరు, ర్యాంకు. మూడో ప్రశ్న అడిగేది చదువు తెలుసుకోవడానికి కాదు, ఏ కోటా సీటో తెలుసుకోవడానికి. వందేళ్ల కిందటి కుల హాస్టళ్ల రోజులు పోయినా ఆ ప్రశ్నలు వరండాల్లో మిగిలాయి. కులం పేరుతో వివక్ష చూపితే ఫిర్యాదు తీసుకోవలసిన ఏర్పాటు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెబుతాయి. కొత్తగా చేరినవాళ్లలో ఆ ఏర్పాటు ఏ గదిలో ఉందో తెలిసినవాళ్లు అరుదు.

ఆడపిల్లల హాస్టళ్లలో చర్చంతా గేటు చుట్టూ తిరుగుతుంది. అబ్బాయిల గేటు తెరిచి ఉండే వేళకు అమ్మాయిల గేటు మూతపడుతుంది. ఔట్‌పాస్ మీద తండ్రి నంబరుకు ఫోను చేసి రూఢి చేసుకుంటారు. 2015లో ఢిల్లీలో పింజ్రా తోడ్ పేరుతో విద్యార్థినులు ఈ వేళల మీదే ఉద్యమించారు. కేరళలో సాయంత్రం ఫోను వాడకూడదన్న హాస్టల్ నియమాన్ని ఒప్పుకోనందుకు బయటికి పంపించిన ఒక విద్యార్థినికి 2019లో అక్కడి హైకోర్టు అనుకూలంగా తీర్పిచ్చి, ఇంటర్నెట్ అందుబాటు హక్కేనంది. భద్రత పేరు చెప్పే తల్లిదండ్రుల భయం అబద్ధం కాదు. కానీ ఆ భయానికి తాళం అమ్మాయిల గేటుకే వెయ్యడంలో న్యాయం లేదు.

ఫోనుకు అటువైపు

ఎస్టీడీ బూతుల రోజుల్లో పావు చార్జీ వేళ కోసం రాత్రి పొద్దుపోయేదాకా వరసలో నిలబడేవారు. తమ వంతు వచ్చేసరికి ఏడుపు తగ్గి, బాగానే ఉన్నానమ్మా అనేవారు. ఇప్పుడు బాధ పుట్టిన నిమిషంలోనే వీడియో కాల్ వెళ్తుంది. అమ్మ చూసేది రోజు మొత్తంలో అతి చెడ్డ ఐదు నిమిషాలు. ఫోను పెట్టేసి అరగంటలో పిల్లవాడు కింద షటిల్ ఆడుతుంటాడు, అక్కడ ఇంట్లో ఇద్దరికీ అన్నం దిగదు. ఫోను చేసే వేళ ముందే అనుకుంటే, అదీ భోజనం తర్వాతైతే, రెండు వైపులా స్థిమితం. మొదటి నెలలోనే ప్రతి శనివారమూ ఇంటికి రావడం అలవాటైతే హాస్టల్ హాస్టల్‌గా అలవాటు కాదు. దసరా సెలవుల దాకా ఆగినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు అంత బాధపడరని వార్డెన్ల అనుభవం.

వారాలు గడిచినా తగ్గని బెంగ వేరు. తిండి పూర్తిగా మానడం, నిద్రే లేకపోవడం లేదా రోజంతా పడుకునే ఉండటం, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడం, తాను లేకపోతే ఎవరికీ నష్టం లేదన్న మాటలు వినపడితే సర్దుకుంటాడులే అని ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటి విద్యాసంస్థలకూ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ తప్పనిసరని అందులో ఉంది. చేర్పించేటప్పుడు ఫ్యాన్లూ బాత్రూములూ చూసే తల్లిదండ్రులు, కౌన్సెలర్ ఎవరని, ఏ రోజుల్లో ఉంటారని కూడా అడగాలి. సెలవు చీటీ కోసం కాక సమస్యతో వచ్చిన విద్యార్థిని వార్డెన్ ఎలా చూస్తాడన్నది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. అది పాత విద్యార్థులనే అడిగి తెలుసుకోవాలి.

రెండో ఏడాది గదుల పంపకంలో రిజిస్టర్ వరస చెల్లదు. ఎవరితో ఉంటారో విద్యార్థులే రాసిస్తారు. మొదటి ఏడాది ఏ గది నిలబడిందో, ఏది నిలబడలేదో ఆ దరఖాస్తుల్లో తేలుతుంది. కొందరు హాస్టల్ వదిలి కాలేజీ పక్క వీధిలో నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుంటారు. మెస్ బాధ తప్పుతుంది, గ్యాస్ సిలిండర్ బాధ మొదలవుతుంది. అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లే తెలుగు విద్యార్థులూ ఖర్చు భరించలేక ఎక్కువగా వర్సిటీ డార్మ్ జోలికి పోరు, నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. అక్కడ సోమవారం వంట ఎవరిది, మంగళవారం గిన్నెలు ఎవరివి అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకుంటారు. ఇక్కడ హాస్టల్లో నాలుగేళ్లు ఉండి వెళ్లినవాళ్లకు ఆ కాగితం రాయడానికి పది నిమిషాలు చాలు.